మందకు ప్రభువులా? మందకు మాదిరులా?

చదువవలసిన వాక్యభాగములు: 1 పేతురు 5:1–4, అపొ. కార్యములు 20:17–35, హెబ్రీ 13:17, 3 యోహాను 9–11



సంక్రాంతి వెళ్లిన తరువాతి ఆదివారమున మా గ్రామ సంఘములో కోత పండుగ ఆచరించితిమి. ధాన్యపు బస్తాలు, గుమ్మడికాయలు, కొబ్బరికాయలు, కోళ్లు బల్ల చుట్టు నిండెను. అర్పణల వేలము ముగిసి అందరు లేవబోవుచుండగా, స్త్రీల వరుసలో చాపమీద కూర్చున్న ఒక వృద్ధురాలు చేయి యెత్తి, "అయ్యగోరూ, మా ఆడోళ్ల పిడికెడు బియ్యం లెక్క ఓపాలి సదివి ఇనిపించండి బాబూ" అని అడిగెను.

మాకు ముఖము ఎఱ్ఱబడినది. "మామీద నమ్మకము లేదా మామ్మా?" అంటిమి. ఆమె బెదరలేదు. "నమ్మకం లేక కాదు బాబూ. అది దేవుడి బియ్యం గదా. తీసిపెట్టినోళ్లకి తెలవాల గదా" అని కూర్చుండెను. మేము ఆశీర్వాదము పలికి సంఘమును పంపివేసితిమి గాని ఆ ఆశీర్వాదము మా నోటిలోనే ఎండిపోయినట్లుండెను.

ఆ రాత్రి చేతిపుస్తకము తెరచి చూచుకొంటిమి. ఆ బియ్యము అమ్మిన సొమ్ము గుడి రేకులకును, ఒక రోగిని ఆసుపత్రికి చేర్చిన బండి కిరాయికిని వెళ్లినది. ఒక్క రూపాయి మా సొంతమునకు వాడుకొనలేదు. అయినను ఆరు సంవత్సరములుగా ఆ పుస్తకము వ్రాసినవారము మేమే, చూచినవారము మేమే, దాచినవారము మేమే. మేము ఈ సంఘమునకు వచ్చిన దినములలో ఇద్దరు పెద్దలును ఒక సహోదరియు కలిసి లెక్క వ్రాయుచుండిరి. ఒక పెద్ద ప్రభువునందు నిద్రించెను. రెండవవాడు కుమారులతో పని వెదకికొనుచు పట్టణము పోయెను. సహోదరికి కండ్లు మందగించెను. "అయ్యగారే చూచుకొందురులే" అనిరి. మేమును ప్రేమతోనే సరే అంటిమి. ఎవరును దొంగిలించలేదు, ఎవరును లాగుకొనలేదు. అయినను సంఘముయొక్క చేతిలోనున్నది మా చేతిలోనికి వచ్చెను. వచ్చినదానిని తిరిగి అడిగినప్పుడు మాకు కోపము వచ్చెను.

మా చిన్న సంఘములో ఆరు సంవత్సరములలో జరిగినదే, ఆది సంఘములో సుమారు నాలుగు వందల సంవత్సరములలో జరిగినది. ఈ మాసము ఆ చరిత్రను మీ యెదుట పెట్టుచున్నాము. ఇది ఇతరులను నిందించుటకు కాదు, మనలను మనము చూచుకొనుటకే.

1. అపొస్తలుల దినములలో

యెరూషలేములో విధవరాండ్ర భోజనమునుగూర్చి సణుగు పుట్టినప్పుడు, పన్నెండుగురు అపొస్తలులు తామే ఏడుగురిని నియమించి ఊరకుండవచ్చును. వారు అట్లు చేయలేదు. శిష్యుల సమూహమును పిలిచి, మీలోనుండి మీరే ఏర్పరచుకొనుడని చెప్పిరి, సమూహము ఏర్పరచినవారిమీద చేతులుంచిరి (అపొ. 6). అన్యజనుల సున్నతినిగూర్చిన గొప్ప వివాదము తేలినప్పుడు కూడ, అపొస్తలులును పెద్దలును సంఘమంతయు కలిసి మనుష్యులను ఏర్పరచి అంతియొకయకు పంపిరి (అపొ. 15:22). పౌలు బర్నబాలు ప్రతి సంఘములోను ఒక్క పెద్దను గాక పెద్దలను నియమించిరి (అపొ. 14:23).

ఇక్కడ ఒక మాట గమనింపవలెను. మిలేతునుండి పౌలు కబురుపెట్టినది ఎఫెసు సంఘపు "పెద్దలకు". వారితో మాటలాడునప్పుడు అదే మనుష్యులను మందకు "అధ్యక్షులు" అని పిలిచెను (అపొ. 20:17, 28). తీతునకు వ్రాసిన పత్రికలోను పెద్దలని మొదలుపెట్టి అధ్యక్షుడని ముగించెను (తీతు 1:5–7). ఫిలిప్పీ సంఘమునకు వ్రాయునప్పుడు అధ్యక్షులని బహువచనముననే వందనము చెప్పెను. మన బైబిలులో అధ్యక్షుడని తర్జుమా చేసిన గ్రీకు మాట ఎపిస్కొపొస్. మీదనుండి కనిపెట్టి చూచువాడని దాని భావము. ఇంగ్లీషువారి బిషప్ అను మాట దానినుండియే పుట్టినది. ఆ దినములలో పెద్దయన్నను అధ్యక్షుడన్నను ఒకే పనివాడు, ఒకే సంఘములో అట్టివారు పలువురు.

అయితే అంతయు చక్కగా జరుగుచుండెనని తలంపవద్దు. యోహాను మూడవ పత్రికలో దియొత్రెఫే అను ఒకడున్నాడు. వానికి సంఘములో మొదటి స్థానముమీద మక్కువ. అపొస్తలుని ఉత్తరమును త్రోసివేసెను, వచ్చిన సహోదరులను చేర్చుకొనలేదు, చేర్చుకొనగోరినవారిని వెలివేసెను. రోమా సింహాసనముగాని చక్రవర్తి ఆజ్ఞగాని ఇంకను లేని కాలమది. కాబట్టి మొదటి స్థానమును కోరు జబ్బు పెద్ద సంస్థలలో పుట్టినది కాదు, ఇంటిలో కూడుకొను చిన్న సంఘములోనే ముందు పుట్టినది.

2. ఒక్కని చేతికి ఎట్లు వచ్చెను

క్రీ.శ. సుమారు 96లో కొరింథు సంఘములో కొందరు లేచి, నింద లేని పెద్దలను పదవులనుండి తొలగించిరి. రోమా సంఘము వారికొక దీర్ఘమైన ఉత్తరము వ్రాసినది. దానిని క్లెమెంతు వ్రాసెనని పూర్వులు చెప్పుదురు. సంఘమంతటి సమ్మతితో నియమింపబడి మందను నిర్దోషముగా సేవించినవారిని తొలగించుట పాపమని అందులో బుద్ధి చెప్పబడినది. చూడుడి, సంఘము కూడ అన్యాయము చేయగలదు. పదిమంది కలిసినంత మాత్రమున న్యాయము జరుగదు. ఒక స్థిరమైన నాయకత్వము కావలెనని ప్రజలకు తోచుటకు ఇట్టి కలహములే మొదటి కారణము.

కొద్ది సంవత్సరములకు, సుమారు 110లో, సిరియా అంతియొకయ అధ్యక్షుడైన ఇగ్నేషియసును సంకెళ్లతో రోమాకు తీసికొని పోయిరి. మృగములకు ఆహారముగా పోవుచు అతడు దారిలో ఏడు ఉత్తరములు వ్రాసెను. ఒక్కొక్క సంఘమునకు ఒక్క అధ్యక్షుడు, అతనితో పెద్దల సభ, పరిచారకులు ఉండవలెననియు, అధ్యక్షుడు లేక ఏమియు చేయరాదనియు అతడు గట్టిగా చెప్పెను. వింత యేమనగా, రోమా సంఘమునకు వ్రాసిన ఉత్తరములో ఆ పట్టణపు అధ్యక్షుని మాటయే యెత్తలేదు. ఆ కాలపు స్మిర్న అధ్యక్షుడు పొలికార్పు ఫిలిప్పీయులకు వ్రాసిన ఉత్తరములోను ఆ సంఘపు పెద్దలు, పరిచారకులు మాత్రమే కనబడుదురు. అనగా ఈ మార్పు ఒక్క దినమున అన్ని చోట్ల రాలేదు. ఇక్కడ ముందు, అక్కడ వెనుక, మెల్లగా వచ్చినది.

ఎందుకు వచ్చినది? దుర్మార్గుల పన్నాగము వలన కాదు. అబద్ధ బోధకులు ఊరూర తిరుగుచుండిరి. క్రొత్త నిబంధన పుస్తకములు ఇంకను ఒక్క సంపుటముగా స్థిరపడలేదు. ఏది అపొస్తలుల బోధయని అడిగినవారికి చూపుటకు ఒక నమ్మకమైన మనుష్యుడు కావలసివచ్చెను. సుమారు 180లో ఐరేనియసు ఇట్లే అధ్యక్షుల వరుసను చూపి బోధను కాపాడెను. హింసలు వచ్చినప్పుడు మందను కూర్చుకొనుటకు ఒక్కడు కావలసివచ్చెను. బీదలను పోషించుటకు సొమ్ము ఒకచోట చేరవలసివచ్చెను. 251లో రోమా సంఘపు అధ్యక్షుడైన కొర్నేలి వ్రాసిన లెక్క నేటికిని మిగిలియున్నది: ఒక అధ్యక్షుడు, 46 మంది పెద్దలు, 7గురు పరిచారకులు, వీరుగాక చిన్న సేవకులు అనేకులు, సంఘము పోషించు విధవరాండ్రును దిక్కులేనివారును 1,500 మందికి పైగా. ఇంతమందికి అన్నము పెట్టుటకు ఒక క్రమము కావలెనా, వద్దా?

మన ఊరి చెరువును తలంచుకొనుడి. వానలు బాగుగానున్న యేడు ఎవరి మడికి వారు నీరు కట్టుకొందురు. కరువు వచ్చినప్పుడు కొట్లాటలు పుట్టును. అప్పుడు ఊరంతయు కూడి, నమ్మకమైన ఒకనికి తూము అప్పగించి, "నీవు వంతుచొప్పున వదలుము" అందురు. అది మంచి పనియే, ఆ యేడు పంట దానివలననే దక్కును. అయితే కరువు తీరిన తరువాత ఊరు మరల కూడవలెను. కూడకపోయిన యెడల తూము వానిదగును, వాని తరువాత వాని కుమారునిదగును, నీరు అడిగినవాడు చేతులు కట్టుకొని నిలువవలసివచ్చును.

నాలుగవ శతాబ్దపు చివర ఉండిన గొప్ప బైబిలు పండితుడు జెరోము ఈ సంగతిని దాచలేదు. ఆదిలో పెద్దయు అధ్యక్షుడును ఒకటే యనియు, పక్షములు పుట్టి సంఘము చీలిపోకుండునట్లు ఒకనిని మిగిలినవారికి పైగా నిలిపిరనియు, ఇది ప్రభువు నియమించిన దానికంటె సంఘపు వాడుకవలననే వచ్చినదని అధ్యక్షులు ఎరుగవలెననియు అతడు వ్రాసెను.

3. సంఘము నోరు ఎట్లు మూయబడెను

అధ్యక్షుడు ఒక్కడైనంత మాత్రమున సంఘము నోరు మూతపడలేదు. ఆఫ్రికాలోని కార్తేజి పట్టణమున సుమారు 248లో సిప్రియను అధ్యక్షుడయ్యెను. అధికారమునుగూర్చి గట్టిగా బోధించినవాడే. అయినను తన పెద్దల ఆలోచనయు ప్రజల సమ్మతియు లేక తన సొంత అభిప్రాయముచేత ఏమియు చేయనని మొదటినుండి నిశ్చయించుకొంటినని వ్రాసెను. రోమా అధ్యక్షుడైన స్తెఫను తన మాటయే చెల్లవలెననినప్పుడు, 256లో కార్తేజిలో కూడిన సభయందు, మనలో ఎవడును అధ్యక్షులకు అధ్యక్షుడనని తన్ను నిలువబెట్టుకొనడని సిప్రియను చెప్పెను. 258లో క్రీస్తుకొరకు శిరస్సు నిచ్చెను. అధికారముగలవాడు, అయినను మందను అడిగి నడిచినవాడు.

313లో కాన్‌స్టంటైను చక్రవర్తి సంఘమునకు స్వేచ్ఛ నిచ్చెను. తరువాత మార్పు వేగమయ్యెను. 325లో నైసియాలో కూడిన సభ, అధ్యక్షుని ఆ రాష్ట్రమందలి అధ్యక్షులందరు, కనీసము ముగ్గురైన కూడి, నియమింపవలెననియు, రాష్ట్ర ముఖ్యపట్టణపు అధ్యక్షుడు దానిని స్థిరపరచవలెననియు కట్టడ చేసెను. ఆ కట్టడలో ప్రజల మాట కనబడదు. ఆచారము మాత్రము చాలకాలము నిలిచెను; 374లో మిలానులో అంబ్రోసు ప్రజల కేకలవలననే అధ్యక్షుడయ్యెను.

పల్లెలవారమైన మనము ముఖ్యముగా తెలిసికొనవలసిన సంగతి మరియొకటి గలదు. ఆ కాలమున తూర్పు దేశములలో గ్రామములకు కూడ అధ్యక్షులుండిరి. వారిని గ్రామపు అధ్యక్షులని పిలిచెడివారు. 314లో అంకురలో కూడిన సభ, పట్టణపు అధ్యక్షుని వ్రాతపూర్వకమైన అనుమతి లేక వారు పెద్దలను అభిషేకించకూడదనెను. 343 ప్రాంతమున సార్దికలో కూడిన సభ, ఒక్క పెద్ద చాలునట్టి పల్లెలోగాని చిన్న ఊరిలోగాని అధ్యక్షుని నియమింపరాదు, ఆ పేరును అధికారమును చులకనయగును అని తీర్మానించెను. ఆ శతాబ్దములోనే లవొదికయ సభ, పల్లెలలో ఇక అధ్యక్షులు వద్దు, చుట్టు తిరిగి చూచు పెద్దలు చాలుననెను.

పల్లెకు అధ్యక్షుని ఇచ్చిన యెడల ఆ పేరు చులకనయగునట! బేత్లెహేములో పుట్టి, నజరేతులో పెరిగి, గలిలయ పల్లెలలో నడచిన ప్రభువుయొక్క సంఘములో ఈ మాట వినబడెను. పల్లె తన మాట పట్టణమునకు అప్పగించెను. పట్టణము ముఖ్యపట్టణమునకు అప్పగించెను. తుదకు 445లో రోమా అధ్యక్షుడైన లియో కాలమున, పశ్చిమ చక్రవర్తియైన మూడవ వలెంటీనియను ఒక ఆజ్ఞ పుట్టించెను: రోమా అధ్యక్షుడు పిలిచినప్పుడు రాని అధ్యక్షుని ఆ రాష్ట్రపు అధిపతి బలవంతముగా రప్పింపవలెను. పేతురు తన్ను తోటిపెద్దయని చెప్పుకొని, ప్రభువులైనట్లు ఉండవద్దని బ్రతిమాలెను. ఆ పేతురు పేరిటనే ఇప్పుడు బంట్రోతులు వచ్చుచున్నారు.

లియోను దుష్టుడనుట మా ఉద్దేశము కాదు. 452లో అట్టిలా దండు ఇటలీమీదికి వచ్చినప్పుడు, వాని యెదుటికి వెళ్లి వేడుకొనినవారిలో అతడును ఒకడు. మంచివారు మంచి పనికొరకే అధికారము చేర్చుకొందురు. వారి తరువాత వచ్చువారు అందరును మంచివారు కారు. ఇదియే చరిత్ర చెప్పు పాఠము.

4. మన తీరమున

ఇక మన దేశమునకు వత్తము. 1795లో స్థాపింపబడిన లండను మిషనరీ సమాజము 1796లో ఒక మూలసూత్రమును వ్రాసికొనెను. ఏ విధమైన సంఘ పరిపాలననుగాని అన్యదేశములకు మోసికొని పోవుట మా పని కాదు, సువార్తనే తీసికొని పోవుదుము, దేవుడు పిలుచువారు వాక్యమునకు తగినదని తమకు తోచిన పరిపాలనను తామే యేర్పరచుకొందురు అని దాని భావము. ఆ సమాజమువారైన జార్జి క్రానును, అగస్టసు దేగ్రాంజెసును 1805లో విశాఖపట్టణము వచ్చిరి. ఆనందరాయరు అను బ్రాహ్మణ విశ్వాసి సహాయముతో సువార్తలను తెలుగు చేయ మొదలుపెట్టిరి. క్రాను 1809లో మన శ్రీకాకుళముననే మరణించెను. మరుసటి సంవత్సరము దేగ్రాంజెసు మరణించెను. కాబట్టి మన తీరమునకు సువార్త వచ్చినప్పుడే, మీ సంఘమును మీరే నడుపుకొనుడి అను మాట దానితోకూడ వచ్చినది. ఇది మన పితరాస్తి.

1874లో కాకినాడలో కెనడా బాప్తిస్టుల పని ఆరంభమయ్యెను. దానికి ముందే అక్కడ తోమాసు గాబ్రియేలు అను తెలుగు సహోదరుడు స్వంతముగా సువార్త పని మొదలుపెట్టియుండెను. అతడు పిలువగా వారు వచ్చిరి. వెంటనే 1875 మొదలు కెనడా సముద్రతీర రాష్ట్రముల బాప్తిస్టులు భీమునిపట్టణము, శ్రీకాకుళము, బొబ్బిలి మొదలగు చోట్ల కేంద్రములు ఏర్పరచిరి. వారు బిషపులు లేని సంఘములవారు. సంఘమే తన కాపరిని పిలుచుకొనవలెను, సంఘమే తన సభ్యులను చేర్చుకొనవలెను అని నేర్పినవారు.

నేర్పినది ఒకటి, జరిగినది మరియొకటి. జీతము బంగళానుండి వచ్చినది. గుడి స్థలము కాగితము బంగళాలోనుండెను. బడి, ఆసుపత్రి, ఉద్యోగపు సిఫారసు అన్నియు అక్కడనే. కావున తగవు వచ్చినప్పుడు సంఘము కూడలేదు. "దొరగారి నడుగుదము" అనుకొని నడిచి వెళ్లెను. బిషపు అను పేరు లేకుండనే మనకు బిషపు దొరికెను. ఆ దొరలు కుటుంబములతో వచ్చి, జ్వరములకు ఓర్చి, బిడ్డలను ఇక్కడి మట్టిలో పాతిపెట్టి పనిచేసిన భక్తులు. వారి త్యాగమును మరచినయెడల మనము కృతఘ్నులము. అయినను వారు పోయిన తరువాత ఆ బంగళా తాళపుచెవి ఎవరి చేతికి వచ్చినదో, ఆ చేతికొరకు మన తెలుగు సంఘములలో ఎన్ని కలహములు, ఎన్ని వ్యాజ్యములు జరిగెనో మీరెరుగుదురు. సహోదరుడు సహోదరునిమీద న్యాయస్థానమున వ్యాజ్యమాడుట తగదని పౌలు కొరింథీయులకు వ్రాసెను గదా.

బిషపు అను పేరున్నంత మాత్రమున చెడ్డదియు కాదు. 1912లో దోర్నకల్ మండలమునకు బిషపుగా అభిషేకింపబడిన వి.యస్. అజరయ్యగారు ఆంగ్లికను సంఘములో బిషపైన మొదటి భారతీయుడు. 1945లో మరణించువరకు ఆయన తెలుగు పల్లెలలో తిరిగి, పల్లె ఉపదేశకులను సిద్ధపరచి, బీదలైన విశ్వాసుల మధ్య జీవించెను. 1910లో ఎడింబరోలో కూడిన లోక మిషనరీ మహాసభయందు ఆయన అడిగినది అధికారము కాదు. మాకు స్నేహితులను ఇయ్యుడి అని అడిగెను. 1947 సెప్టెంబరు 27న మదరాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు, బిషపులు లేని సంఘములును బిషపులుగల సంఘములును ఏకమగుటకు చాల సంవత్సరముల చర్చ పట్టినది. బిషపు ఉండవలెను, అయితే ఎన్నుకొనబడి, సంఘ సభలతో కలిసి, కట్టడలకు లోబడి ఉండవలెను అని తుదకు అంగీకరించిరి. మన బాప్తిస్టు సంఘములు ఆ ఐక్యతలో చేరలేదు. అయినను వారు అడిగిన ప్రశ్నను మనము కూడ అడుగుకొనవలెను: పైనున్నవాడు ఎవరికి లెక్క చెప్పుచున్నాడు?

5. లెక్క అను మాట

ఇక్కడ కొందరు హెబ్రీ పత్రిక 13:17 చూపుదురు. నాయకులకు లోబడుడని వ్రాయబడలేదా అందురు. వ్రాయబడియున్నది, లోబడవలసినదే. మా మాట విననివారికి మేమును ఎన్నోమారులు ఆ వచనము చూపితిమి. అయితే ఆ వచనములోనే మరియొక మాటయున్నది. ఆ నాయకులు లెక్క అప్పగింపవలసినవారై ఆత్మలను కాయుచున్నారు. ఆ రాత్రి చేతిపుస్తకము ముందుంచుకొని ఆ వచనము చదివినప్పుడు, ఆరు సంవత్సరములుగా సగము వచనమే బోధించితిమని మాకు తెలిసెను.

పౌలును చూడుడి. యెరూషలేము బీదలకొరకు చందా పోగుచేసినప్పుడు, ఆ సొమ్ముతో ప్రయాణముచేయుటకు సంఘములు ఏర్పరచిన ఒక సహోదరుని తన వెంట తీసికొని పోయెను. ఎందుకు? ప్రభువు దృష్టికే గాక మనుష్యుల దృష్టికి కూడ యోగ్యమైనది చేయవలెనని, ఎవడును తమమీద తప్పు మోపకుండునట్లు అని (2 కొరింథీ 8:19–21). అపొస్తలుడే సాక్షి నడిగెను. మా మామ్మ సాక్షిగా నిలిచినప్పుడు మేము ముఖము చిట్లించుకొంటిమి.

1984లో రద్దగువరకు గ్రామములలో కరణీకము ఉండెను. ఏ చెక్క ఎవరిదో కరణముగారి పుస్తకము చెప్పవలెను. ఆ పుస్తకము చదువలేని రైతు ఎంత భయపడెడివాడో మన పెద్దలు చెప్పగా విన్నాము. క్రీస్తు సంఘములో అట్టి పుస్తకము ఉండకూడదు.

కావున ప్రతి గ్రామ సంఘము ఈ మూడు ప్రశ్నలు తన్ను అడుగుకొనవలెనని మేము బ్రతిమాలుచున్నాము.

మొదటిది, ఏర్పరచినది ఎవరు? పెద్దలను, స్త్రీల సమాజపు నాయకురాండ్రను, సభలకు వెళ్లు ప్రతినిధులను సంఘము ప్రార్థించి ఏర్పరచెనా, లేక ఎవరో పేర్లు చదువగా తల లూపెనా?

రెండవది, లెక్కించినది ఎందరు? కానుక పెట్టె తెరచునప్పుడు ఇద్దరు ముగ్గురు కూర్చుండవలెను. ఒకరు లెక్కింపగా ఒకరు వ్రాయవలెను. గుడి స్థలపు కాగితములు ఎక్కడ ఉన్నవో కనీసము నలుగురికి తెలియవలెను.

మూడవది, అడుగుటకు ధైర్యము ఉన్నదా? అందరిలో చిన్నది, చదువులేనిది, కూలికి పోవునది లేచి అడిగినప్పుడు, ఆమెకు జవాబు దొరకునా, గద్దింపు దొరకునా? సంఘములో అధికారము ఎట్టిదో తెలిసికొనుటకు ఇంతకంటె మంచి పరీక్ష లేదు.

అయితే తప్పు కాపరిదే అని చేతులు దులుపుకొనవద్దు. "అయ్యగారే చూచుకొందురులే" అను మాటలో గౌరవముతోకూడ సోమరితనమును కలసియున్నది. పెద్దల కూటమునకు రమ్మనిన పొలము పని అందురు. లెక్క వినుమనిన ఆకలి అందురు. సంఘము మోయని బరువును ఎవడో ఒకడు మోయును. మోయగా మోయగా అది తనదే అనుకొనును. ఆది సంఘము పోగొట్టుకొనిన దానిలో సగము లాగుకొనబడెను, సగము అప్పగింపబడెను.

మరుసటి ఆదివారము ఆరాధన తరువాత మేము ఆ చేతిపుస్తకము తెరచి ఆరు సంవత్సరముల లెక్క చదివితిమి. గంటకు పైగా పట్టినది. రెండు చోట్ల మేము వ్రాయ మరచితిమి. ఒక దానిని ఆ మామ్మయే జ్ఞాపకము చేసెను: "ఆ యేడు తుఫానొచ్చింది గదా బాబూ, ఆ నెల బియ్యం అమ్మనేదు, వండి పెట్టేసినాం." ఆమెకు అక్షరము రాదు. అయినను ఏ నెల ఎన్ని కుంచములు పోగైనదో ఆమె మనస్సులో వ్రాయబడియున్నది. మేము సంఘము ఎదుట మా కోపమునకు క్షమాపణ వేడితిమి. స్త్రీలు తమలో ఇద్దరిని ఏర్పరచుకొనిరి: లెక్క చెప్పుటకు మామ్మ, వ్రాయుటకు పదవ తరగతి చదువు ఒక చిన్నది. ఇప్పుడు పుస్తకము మాయొద్ద లేదు. మా చేయి తేలికైనది. ప్రసంగించునప్పుడు నోరు కూడ తేలికైనది.

అన్యజనుల అధికారులు వారిమీద ప్రభుత్వము చేయుదురు గాని మీలో అట్లుండకూడదని ప్రభువు చెప్పి, తాను పరిచారము చేయించుకొనుటకు గాక చేయుటకు వచ్చితినని చూపెను (మార్కు 10:42–45). ప్రధాన కాపరి ప్రత్యక్షమగు దినము వచ్చుచున్నది. ఆయన ఎదుట అధ్యక్షుడును, మిషనరీయు, పల్లె పాదిరియు, మామ్మయు ఒకే వరుసలో నిలిచి లెక్క చెప్పుదురు. ఆ దినమున సిగ్గుపడకుండునట్లు ఈ దినముననే ఒకరికొకరము లెక్క చెప్పుకొందము.

ప్రార్థన: ప్రధాన కాపరివైన ప్రభువా, నీ మందను మాదని అనుకొనిన మా గర్వమును క్షమించుము. మోయవలసిన బరువును విడిచిన మా సోమరితనమును క్షమించుము. మా గ్రామ సంఘములలో అడుగువారికి ధైర్యమును, జవాబు చెప్పువారికి దీనమనస్సును దయచేయుము. నీ నామముననే వేడుచున్నాము. ఆమేన్.